కారణం: కోడ్ నాలుగు

శుక్రవారం మధ్యాన్నం, ఫహాహీల్.
బస్సు దిగి అంగడి తలుపు దాకా నడిచేసరికే
సంచిలోని గౌనుకు కూడా చెమట పట్టినట్టుండాది.
పన్నెండు దినార్ల ఏడొందల యాభై ఫిల్సులు.
బిల్లు మీద అంకెలు చెరిగిపోతాండాయని
ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చినా,
సివిల్ ఐడీ పక్కన.

ఒక్కసారే తొడిగినా, అబ్బా.
మంగాఫ్‌లో చంద్రకళ బిడ్డ పుట్టినరోజు.
చాప మీద కూర్చుందామని వంగితే
కుడిపక్క చంక కింద నుంచి నడుము దాకా
సర్రుమని పోయింది.
ఎవురూ నవ్వలేదు.
అదే బాధ.
చంద్రకళ తువాల తెచ్చి కప్పింది.
పులిహోర తిన్నంతసేపూ
ఆ తువాల చెంగు పట్టుకోనే కూర్చుంటి.

కౌంటర్లో పిల్లోడు ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ,
ఐడీలో పేరు చదివినాక తెలుగు.
"ఓబుళమ్మక్కా, ఏ ఊరు మీది?"
"రాయచోటి పక్క."
"నాది కోరుట్ల దిక్కు" అని గొంతు తగ్గించి
"మేడమ్ ముంగట తెలుగు మాట్లాడొద్దక్కా,
మాకు రూల్ ఉన్నది."

మేడమ్ వచ్చింది. తాళంచెవి మాదిరి సన్నంగా.
గౌనును రెండు వేళ్లతో ఎత్తి చూసింది,
నన్ను చూసింది,
మళ్లా గౌను, మళ్లా నన్ను.
మీకు ఇంకా పెద్ద సైజు పట్టేది, అనింది.

పట్టీ మీద నాలుగు ఎక్సులు, ఒక ఎల్లు.
అయిదో ఎక్సు యాడుందో చూపించు, అంటి.
గోడ పొడుగునా చూసింది.
లేదు.

ఇంగ నాకు హిందీ చాలలేదు.
అరబ్బీ వంటింటి దాకానే వచ్చు.
"ఏమంటాంది ఈమె, చెప్పు" అని
పిల్లోణ్ణి తానే పిలిచింది మేడమ్.
వద్దన్న తెలుగే కావాల్సొచ్చె.

చెప్పు నాయనా, అంటి.
ఈ స్కూలు వంటకు రాకముందు
తొమ్మిదేండ్లు మిషను తొక్కినదాన్ని, అని చెప్పు.
కుట్టు బయట వేలెడు గుడ్డ వదలాల,
ఈడ గోరంత వదిలినారు.
అంగుళానికి అయిదు కుట్లు.
గోనెసంచికి ఇంతకన్నా శ్రద్ధగా వేస్తారు.
సన్నపిల్లకు గీసిన గీతనే లాగి లాగి
పెద్దది చేసినారు గాని
నా చంక యాడుంటాదో ఎవురన్నా కొలిచినారా?
గుడ్డ చూడమను. ఒక్క పోగు తెగలేదు.
నా ఒళ్లు చించింటే గుడ్డ చినగాల.
విడింది దారం.

వాడు ఇంగ్లీషులో చెప్పినాడు.
రొంత మెత్తగా చెప్పినట్టుండె,
నాకంటే తక్కువసేపు పట్టె.
వెనక వరసలో నల్ల అబాయా పెద్దామె
గౌను అంచు తడిమి చూసి
"సహ్, సహ్" అనింది.
ఆమెకు తెలుగు ఏం తెలుసు.
కుట్టు తెలుసు.

మేడమ్ కంప్యూటరు నా దిక్కు తిప్పింది.
ఒకటి, సైజు కుదరలేదు.
రెండు, రంగు నచ్చలేదు.
మూడు, మనసు మారింది.
నాలుగు, వాడి పాడుచేసినారు.
ఆడికి ఆఖరు.
తప్పు మాదే అనేదానికి అంకె లేదు ఆ మిషన్లో.
నాలుగు నొక్కింది.

కాగితం వచ్చింది. కింద ఖాళీ గీత.
పిల్లోడు పెన్ను తీసి తెలుగులో
రెండు మాటలు రాసినాడు:
కుట్టు తప్పు.
ఇదేంది, అని అడిగింది మేడమ్.
"ఆమె పేరు" అన్నాడు.
ముద్ర వేసింది.

దుడ్లు రాలేదు.
బస్సు ఎక్కినానో లేదో ఫోను మోగింది:
మీ ఫిర్యాదు పరిష్కారమైంది,
మా సేవకు ఎన్ని చుక్కలిస్తారు?

రాత్రి చంద్రకళ తువాలలోంచి
నాలుగు వేళ్ల పట్టీ కత్తిరించి
చంక కింద అతికేసినా, జంట దారంతో.
గౌను వంకాయరంగు, పట్టీ పచ్చది.
చెయ్యి కిందికుంటే తెలీదు.

వచ్చే శుక్రవారం ఇదే తొడుక్కొని పోతా.
వరసలో నిలబడి
నా వంతు రాంగానే
చెయ్యెత్తుతా.